అమ్మకీ నాకూ వీసాలు, వేర్వేరు దేశాల నుంచి

2024 వేసవిలో అమ్మ ఐదు నెలలు ఉండేలా లండన్‌లో మా ఇంటికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ తనను పారిస్, రోమ్ తీసుకెళ్లాలని నా ఆశ. ఇక్కడిదాకా రావడమే పెద్ద పని, ఇక్కడి నుంచి పారిస్ రైల్లో రెండున్నర గంటలే కదా అనుకున్నాను. మా ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే కాబట్టి ఇద్దరికీ షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్, ఇటలీ లాంటి చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా, కావాలి. ఆ సంగతి తెలుసు. ఇద్దరి అప్లికేషన్లూ ఒకే రాత్రి కూర్చుని నింపాను. అపాయింట్‌మెంట్ కూడా పక్కపక్క టైముల్లోనే దొరికింది.

వీసా సెంటర్ కౌంటర్‌లో అమ్మాయి నా కాగితాలు తీసుకుంది. అమ్మవి రెండు పేజీలు తిప్పి ఆగింది. "వీరి రెసిడెన్స్ పర్మిట్ ఏది?" అని అడిగింది. అమ్మది విజిటర్ వీసా అని చెప్పాను. అయితే ఇక్కడ తీసుకోలేం, వారు నివసించే దేశంలోనే అప్లై చేయాలి అంది. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. కానీ అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పాల్సింది నేను. "ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం కదే, నీకిచ్చి నాకెందుకివ్వరు?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. ఫైలు చంకలో పెట్టుకుని ఇద్దరం బయటికి వచ్చేశాం. నా అప్లికేషన్ కూడా వెనక్కి తీసుకున్నాను, తను లేకుండా నేనొక్కదాన్నే ఎందుకు వెళ్లాలి?

జవాబు తర్వాత చదివి తెలుసుకున్నాను. షెంగెన్ నిబంధనల ప్రకారం మనం చట్టబద్ధంగా ఎక్కడ నివసిస్తున్నామో ఆ దేశంలో ఉన్న కాన్సులేట్‌కే అప్లై చేసుకోవాలి. చూడటానికి వచ్చి ఉండటం వేరు, నివాసం వేరు. అమ్మ బ్రిటన్‌లో ఉంది, ఆమె నివాసం ఇండియాలో. చూడటానికి వచ్చినవాళ్ల అప్లికేషన్ తీసుకునే వెసులుబాటు ఉంది కానీ, ఇక్కడే ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తగిన కారణం చూపించాలి. కూతురితో కలిసి వెళ్లాలి అన్నది ఆ కారణం కిందికి రాదన్నారు. అమ్మ నవంబర్‌లో పారిస్ చూడకుండానే వెళ్లిపోయింది.

విదేశాల్లో ఉంటూ అమ్మానాన్నలను పిలిపించుకునే వాళ్లందరికీ అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. వాళ్లు మీ దగ్గరికి వచ్చాక కాదు, బయల్దేరకముందే అక్కడే షెంగెన్ వీసా చేయించండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, 45 రోజుల దాకా కూడా పట్టొచ్చు.

2025లో అలాగే చేశాం. ముందు ప్లాన్ వేసుకున్నాం. పారిస్‌లో మూడు రాత్రులు, రోమ్‌లో నాలుగు. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికే అప్లై చేయాలి, ముందు దిగేది పారిస్‌లోనే అయినా సరే. కాబట్టి ఇద్దరికీ ఇటలీయే. అమ్మ బ్రిటన్ వీసా ఇంకా నడుస్తోంది, ఎన్నిసార్లయినా వచ్చిపోవచ్చు. దాని కాపీ కూడా అమ్మ ఫైల్లో పెట్టాం, ఎందుకంటే రోమ్ నుంచి తను తిరిగి వచ్చేది ఇండియాకి కాదు, నా దగ్గరికి. పింఛను కాగితాలు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఖర్చు నేను పెట్టుకుంటానని నా ఉత్తరం, ఇద్దరి పేర్లతో ఉన్న హోటల్ బుకింగులు అన్నీ వరుసగా పెట్టి, ఏ కాగితం ఎందుకో ఫోన్‌లో రెండు రోజులు చెప్పాను. కౌంటర్‌లో అమ్మ ఒక్కతే నిలబడుతుందని నాకు టెన్షన్. తను మాత్రం ఏ తడబాటూ లేకుండా అన్నిటికీ సమాధానం చెప్పి వచ్చింది.

చిక్కు వచ్చింది నా వైపు, అదీ అమ్మ కౌంటర్‌కి వెళ్లకముందే. అక్టోబర్‌లో వెళ్దామనుకున్నాం. షెంగెన్ నుంచి బయటికి వచ్చిన రోజు నుంచి కనీసం మూడు నెలలు పాస్‌పోర్ట్ చెల్లాలని అందరికీ తెలుసు. ఇక్కడి నుంచి అప్లై చేసేవాళ్లకి బ్రిటన్‌లో ఉండే అనుమతి కూడా అలాగే మూడు నెలలు మిగిలి ఉండాలని చెక్‌లిస్ట్‌లో ఉంది. నాది డిసెంబర్ 28న అయిపోతుంది. అక్టోబర్ 12న తిరిగొస్తే పదిహేను రోజులు తక్కువ పడుతోంది. రెన్యువల్ దాకా ఆగితే అమ్మ ఇండియా వెళ్లే టైమైపోతుంది. అప్పటికి అమ్మ అప్లికేషన్ ఇంకా పెట్టలేదు కాబట్టి బతికిపోయాం. ప్రయాణాన్ని సెప్టెంబర్ 10కి జరిపి, 17న తిరిగొచ్చేలా మార్చాను. హోటళ్లన్నీ క్యాన్సిల్ చేసుకోగలిగేవే బుక్ చేశాను కాబట్టి డబ్బు పోలేదు. వీసా చేతికి రాకముందు వెనక్కి రాని టికెట్ ఎవరూ కొనకండి.

బ్రిటన్‌లో ఉండే అనుమతికి రుజువుగా మాకిచ్చిన రెసిడెన్స్ కార్డులు 2024 డిసెంబర్ 31తో ముగిశాయి. ఇప్పుడంతా ఈవీసా, అంటే ఆ అనుమతి ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, చేతిలో చూపించడానికి ఏ కార్డూ ఉండదు. ప్రభుత్వం వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, నా అనుమతిని వేరేవాళ్లు చూసుకోవడానికి పనికొచ్చే షేర్ కోడ్ తీసుకుని, ఆ పేజీ ప్రింట్ చేసి ఫైల్లో మొదట పెట్టుకున్నాను. కోడ్ 90 రోజులే పనిచేస్తుంది. ఇన్సూరెన్స్ కాగితంలో 30,000 యూరోల కవరేజ్ అన్న మాట స్పష్టంగా ఉందో లేదో చూసుకున్నాను. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒకరేనని నా ఉత్తరంలో రెండు వాక్యాలు రాశాను. దాని గురించి ఎవరూ అడగలేదు. వీసా ఫీజు 90 యూరోలు, 2024 జూన్‌లో 80 నుంచి పెంచారు.

ఇంకో విషయం చదివి నిజంగా ఆశ్చర్యపోయాను. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ఇండియన్లకు కొత్త పద్ధతి పెట్టింది. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడుకుంటే తర్వాత రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లయినా వెళ్లిరాగల) వీసా ఇవ్వొచ్చు. కానీ అది ఇండియాలో నివసిస్తూ అక్కడే అప్లై చేసేవాళ్లకి. అంటే అమ్మకు వర్తిస్తుంది, నాకు కాదు.

అమ్మ వచ్చిన రాత్రి రెండు పాస్‌పోర్టులూ టేబుల్ మీద పక్కపక్కన తెరిచి పెట్టుకున్నాం. స్టిక్కర్లు రెండూ ఒకేలా ఉన్నాయి, ఇచ్చిన ఊరి పేరు తప్ప. నాదాంట్లో లండన్, అమ్మదాంట్లో ఇండియాలోని ఊరు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో లైనూ చదివింది. "అక్టోబర్ 2 దాకా రాశారే, ఇంకో వారం ఉందామా?" అంది. ఆ కింద ఉన్న 8 అంకె చూపించాను. తేదీల మధ్య 15 రోజులు వెసులుబాటుగా ఇస్తారు, ప్రయాణం అటూ ఇటూ జరగొచ్చని. ఉండగలిగేది మాత్రం ఆ ఎనిమిది రోజులే, దిగిన రోజూ బయల్దేరిన రోజూ అందులోనే లెక్క. ఈ రెండు లైన్లూ కలిపి చదవకపోతే ఎవరైనా పొరపాటు పడతారు.

పారిస్ రైలుకి ఫ్రెంచ్ పోలీసుల తనిఖీ లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లోనే అయిపోతుంది. అమ్మ ముందు, నేను వెనక నిలబడ్డాం. కౌంటర్‌లో ఆయన అమ్మ పాస్‌పోర్ట్ తీసుకుని, నా వైపు చూసి ఇద్దరూ కలిసేనా అని అడిగాడు. అవునన్నాను. నాది కూడా ఇవ్వమని చెయ్యి చాపాడు. రెండు పాస్‌పోర్టుల మీదా ఒకదాని తర్వాత ఒకటి ముద్ర వేసి, రెండూ కలిపి అమ్మ చేతికే ఇచ్చాడు.