తెలుగు తప్పు కాదని లాగ్ చెప్పింది

కడియపులంక నర్సరీ కేటలాగ్ ఇవాళ ఒక దారికొచ్చింది. ఎక్సెల్ షీట్‌లోంచి మొక్క పేరు, ధర, ఫొటో తీసుకుని ఇన్‌డిజైన్ (పేజీలు కూర్చే అడోబీ ప్రోగ్రామ్) పేజీల్లో వరసగా పేర్చే ప్లగిన్ ఒకటి, అంటే ఆ ప్రోగ్రామ్‌కి తగిలించే చిన్న అదనపు సాధనం, ఈ పనికోసమే కొన్నాం. మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, గులాబీలు అన్నీ చక్కగా వచ్చేవి. మందారాల దగ్గరికి రాగానే ప్రోగ్రామ్ మొత్తం మూసుకుపోయేది. ఎర్రర్ మెసేజ్ కూడా ఉండేది కాదు.

మా డీటీపీ షాపులో అందరి అనుమానం తెలుగు మీదే. "పేర్లు తెలుగులో ఉన్నాయి కదక్కా, అందుకే. ఇంగ్లీషులో పెట్టేస్తే పోలా?" అన్నాడు మా దగ్గర పనిచేసే కుర్రాడు. వాడిని అనడానికి లేదు. మండపేటలోనైనా రాజమండ్రిలోనైనా డీటీపీ చేసేవాళ్ళం పేజ్‌మేకర్, అను ఫాంట్ల రోజుల నుంచీ ఒత్తులు విడిపోవడం, అక్షరాలు చెదిరిపోవడం చూస్తూనే ఉన్నాం. కానీ ఇప్పుడు యూనికోడ్ ఉంది, అంటే ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకటే కోడ్. పేరాగ్రాఫ్‌కి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెడితే ఇన్‌డిజైన్‌లో ఒత్తులు వాటి చోట అవి కూర్చుంటాయి. నందివర్ధనం, పారిజాతం అని కళ్ళకి అలవాటైన పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని చదవమని కొనేవాళ్ళకి ఎలా చెబుతాం? రుజువు లేకుండా తెలుగు తీసేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇంకో సలహా కూడా వచ్చింది. తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని. ఒక్కోసారి దాంతో బాగుపడుతుంది, నిజమే. కానీ ఎందుకు చెడిందో తెలియకుండానే బాగుపడితే, రేపు పని నెత్తిమీదున్నప్పుడు మళ్ళీ అదే చెడుతుంది. పైగా రీఇన్‌స్టాల్‌తో సెట్టింగులన్నీ మారిపోయి, ఉన్న ఆధారం కూడా పోవచ్చు. అందుకే ముందు లాగ్, అంటే ప్రోగ్రామ్ తను చేసే పనుల్ని రాసుకుంటూ పోయే ఫైల్, ఆన్ చేయాలి, తర్వాతే ఏదైనా. ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా వినను.

మా ప్లగిన్ హెచ్‌టీఎంఎల్ ప్యానెల్ రకం, అంటే ఇన్‌డిజైన్ లోపల వెబ్‌పేజీలా తెరుచుకునేది. ఇలాంటి ప్యానెళ్ళకి అడోబీ విడిగా లాగ్ రాస్తుంది, కాకపోతే మామూలుగా ఎర్రర్లు మాత్రమే. అన్నీ రాయించాలంటే విండోస్ లోపలి సెట్టింగులు మార్చే రిజిస్ట్రీ ఎడిటర్ తెరవాలి. కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, అందులో అడోబీ, అందులో సీఎస్‌ఎక్స్‌ఎస్ 11. మా వర్షన్‌కి 11, పాతవాటికి ఇంకా చిన్న అంకె ఉంటుంది. అక్కడ లాగ్‌లెవెల్ అనే వాల్యూ పెట్టాలి, అది స్ట్రింగ్ రకమే అయ్యుండాలి. 0 పెడితే ఏమీ రాయదు, 1 అంటే ఎర్రర్లు, అలా పెరుగుతూ 6 అంటే సమస్తం. 6 పెట్టి ఇన్‌డిజైన్ మూసి తెరిచాను. విండోస్‌లో ఈ ఫైళ్ళు టెంప్ ఫోల్డర్‌లోకి వస్తాయి. చదివితే ప్యానెల్ ఏ ఎర్రరూ లేకుండా శుభ్రంగా లోడ్ అయినట్టుంది. అంటే ఇన్‌స్టలేషన్ బాగానే ఉంది. రీఇన్‌స్టాల్ మాట అక్కడితో ఆగిపోయింది.

తర్వాత ప్లగిన్ సొంత సెట్టింగుల్లో వివరమైన లాగ్‌కి టిక్ పెట్టి మళ్ళీ నడిపించాను. ఇది ఇంకా బాగుంది. ప్రతి మొక్కకీ టైముతో సహా రాస్తుంది: వరస మొదలైంది, పేరు పెట్టాను, ధర పెట్టాను, ఫొటో తెరుస్తున్నాను, వరస పూర్తయింది. ముద్దమందారం దగ్గర పేరు పెట్టింది, ధర పెట్టింది, ఫొటో తెరుస్తున్నాను అంది. ఆ తర్వాత ఖాళీ. ద్ద ఒత్తుతో సహా తెలుగు పేరు అప్పటికే పేజీలో కూర్చుంది! కుర్రాడిని పిలిచి ఆ లైన్ చూపించాను.

అయినా ఆఖరి లైన్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ప్రోగ్రామ్ హఠాత్తుగా పోతే, రాయాల్సిన కొన్ని లైన్లు మెమరీలోనే ఉండిపోయి ఫైల్‌లోకి చేరకపోవచ్చు. అందుకని ముద్దమందారం వరస ఒక్కటే ఉన్న షీట్ చేసి నడిపించాను. అక్కడే ఆగింది. వేరే ఫొటో పెట్టి చూస్తే ఆగలేదు. ఇంక అనుమానం లేదు.

ఆ ఫొటోని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. అంతా గజిబిజి గుర్తులే కానీ మొదటి లైన్ చాలు. మామూలు జేపీజీ అయితే అక్కడ జేఎఫ్ఐఎఫ్ అనో ఎగ్జిఫ్ అనో కనిపిస్తుంది. దీంట్లో ఎఫ్‌టీవైపీ, దాన్ని ఆనుకునే హెచ్ఈఐసీ అని ఉంది. హెచ్ఈఐసీ అంటే కొన్ని కొత్త ఫోన్లు ఫొటో దాచే వేరే రకం ఫైల్. ఫోన్ తీసిన అలాంటి ఫొటోకి చివర జేపీజీ అని పేరు మాత్రం మార్చారు. పేరు నమ్మి తెరవబోయి ప్లగిన్ పడిపోతోంది.

నర్సరీ బాబాయ్ గారికి ఫోన్ చేశాను. "ఆయ్, మందారాలు మా మనవడు కొత్త ఫోన్‌తో తీశాడమ్మా. జేపీజీలే కావాలన్నారని పేర్లు మార్చి పంపాడు. తప్పయిందా?" అన్నారు కంగారుగా. తప్పేం లేదండి, ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, మేమే మార్చుకుంటాం అన్నాను. పిల్లాడు ఎంత శ్రద్ధగా తీశాడో రేకుల మీద నీటి చుక్కలు చూస్తేనే తెలుస్తోంది. ఆ ఫోల్డర్‌లోవన్నీ నిజమైన జేపీజీల్లోకి మార్చాక, కేటలాగ్ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వచ్చింది.

ప్లగిన్ తయారుచేసిన వాళ్ళకి మెయిల్ రాసి లాగ్ జతచేశాను. చెడ్డ ఫొటో వస్తే ఆ వరస వదిలేసి ఫలానా ఫైల్ బాగాలేదని చెప్పాలి గానీ ప్రోగ్రామ్ మొత్తాన్ని పడగొట్టకూడదు కదా. పంపేముందు లాగ్ అంతా ఒకసారి చదివాను. షీట్‌లో ఉన్న కొనుగోలు ధరల కాలమ్ కూడా అందులోకి వచ్చేసింది. అది బాబాయ్ గారి వ్యాపారం గుట్టు, బయటికి వెళ్ళకూడదు. ఆ అంకెలు తీసేసి పంపాను. లాగ్‌లెవెల్ మళ్ళీ 1కి దించాను, లేకపోతే పని నెమ్మదిస్తుంది, ఫైళ్ళు పేరుకుపోతాయి.

రేపు పొద్దున్నే మందారాల పేజీలకి కలర్ ప్రూఫ్ తీయాలి. గులాబీల ధరలు మారాయని సాయంత్రం వాట్సాప్‌లో కొత్త షీట్ వచ్చింది, ముందు అది ఎక్కించాలి.