పాప మోకాలి వెనుక మూడు పొక్కులు

చివరి పొక్కు మాయమై నాలుగు నెలలు దాటింది కాబట్టి ఈ సంగతి ఇప్పుడు నింపాదిగా రాయగలుగుతున్నాను. మా పాపకు వచ్చింది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. కనీసం ఒళ్ళు వెచ్చబడని జబ్బు. ఇంత చిన్నదానికి ఇంత రాత ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు గానీ, పిల్లల ఒంటి మీద అంటుకునే పొక్కు ఒకటి తేలిన తరువాత ఆ ఇంట్లో మనుషుల మధ్య ఏమేం జరుగుతాయో చూసినవారు మాత్రం అలా అనుకోరు.

పాపకు అప్పుడు అయిదేళ్ళు. స్నానం చేయిస్తుండగా కుడి మోకాలి వెనుక మడతలో మూడు పొక్కులు కనిపించాయి. పసితనం నుంచి ఆ మడతలో చర్మం పొడిబారి దురదపెడుతూ ఉండేది, దాన్ని ఎగ్జిమా అని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు, కాబట్టి ఇవీ దాని తాలూకువే అనుకుని ఊరుకున్నాను. దగ్గరగా చూస్తే మాత్రం అవి వేరే రకం. ఆవగింజ కంటే కాస్త పెద్దవి, చర్మం రంగులోనే ఉన్నా పైన మైనం పూసినట్టు మెరుస్తున్నాయి, ఒక్కొక్కదాని నడినెత్తిన గుండుసూది తలతో నొక్కినట్టు చిన్న గుంట ఉంది. నొప్పి లేదు. నెల తిరిగేసరికి అవి మోచేతి మడతకూ, చంకకూ, తొడ లోపలి వైపుకూ పాకాయి. ఒకచోట పాప గోటితో గీరుకున్న గీత వెంబడి అయిదు పొక్కులు నారు పోసినట్టు వరుసగా లేచాయి. ఆ వరుస చూసిన రోజు నాకు మొదటిసారి భయం వేసింది.

మేము వెళ్ళిన మొదటి చర్మవైద్యుడు ఒక్క చూపులోనే గుర్తుపట్టారు. ఆ మాట ఒప్పుకోవాలి. మొలస్కం కాంటాజియోసం అని చీటీ మీద రాసి, నీటి పులిపిర్లు అంటారు, వైరస్ వల్ల వస్తాయి, అంటుకుంటాయి అన్నారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. తల ఎత్తకుండానే, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా? మూడు ఉన్నప్పుడే తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా" అన్నారు. ఈ వైరస్ ఒంటికి అంటిన తరువాత పొక్కు పైకి తేలడానికి రెండు నుంచి ఏడు వారాలు, ఒక్కోసారి ఆరు నెలల వరకూ పడుతుందనీ, మూడు కనబడే నాటికే మరికొన్నింటికి బీజం పడి ఉండవచ్చుననీ నాకు తరువాత తెలిసింది. కానీ ఆ రోజు తెలియదు. ఆ ఒక్క మాట నన్ను నెలల తరబడి తొలిచింది, ఆ తరువాత నేను చేసిన పొరపాటుకు కూడా అదే మూలం.

మా ఆయన కొన్నాళ్ళు ఆగి చూద్దామన్నారు. నీకు పిల్ల మీద ఏమాత్రం పట్టింపు లేదని నేను కేకలు వేసి, వెంటనే తీయించేయాలని పట్టుబట్టాను. చెంచా ఆకారంలో ఉండే సన్నని పరికరంతో పొక్కులను గీకి తీసే పద్ధతి అది. అది తప్పుడు వైద్యమని నేను అనడం లేదు. పొక్కులు తక్కువగా ఉండి, చర్మం బాగా మొద్దుబారి, పిల్ల భయపడకుండా కూర్చోగలిగితే చేయదగినదే. మాకు అలా జరగలేదు. తిమ్మిరెక్కించే క్రీము రాసి, పైన మూసి ఉంచి, గంటసేపు ఆగాలని చీటీలోనే ఉంది. జనం ఎక్కువగా ఉన్నారని పావుగంటకే లోపలికి పిలిచారు. ఇంకాసేపు ఆగుదామని నేను అడగలేదు. ఒక నర్సు కాళ్ళు పట్టుకున్నారు, నేను చేతులు పట్టుకున్నాను. మొత్తం 11 తీశారు. ఆరో పొక్కు దాకా పాప అరుస్తూనే ఉంది, ఏడోదానికి అరవడం మానేసి నా మొహంలోకే చూస్తూ పడుకుంది. ఆ నిశ్శబ్దం కంటే ఆ అరుపే నయమనిపించింది. మూడు వారాలు గడిచేసరికి కొత్తవి 14 వచ్చాయి.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఫోనులో దీని గురించి వెతుకుతూ, పెద్దవాళ్ళలో ఇది లైంగిక సంబంధం ద్వారా కూడా వ్యాపిస్తుందని చదివాను. పాపకు తొడ లోపలి వైపున కూడా ఉన్నాయి. నా ఆలోచన ఎక్కడెక్కడికి వెళ్ళిందో రాయలేను. పిల్ల దగ్గరకు వచ్చే ప్రతి మనిషినీ ఒక వారంపాటు అనుమానంగా చూశాను, చివరికి పాపను ఎత్తుకున్న మా నాన్నను కూడా. పిల్లల్లో ఇది మామూలు ఒంటి తాకిడితో, ఒకే తువ్వాలు వాడటంతో, కలిసి ఆడుకోవడంతో వస్తుందనీ, గోకిన చేత్తో ఇంకోచోట తాకితే అక్కడా లేస్తుందనీ, తొడల మధ్య కనబడినంత మాత్రాన మరో అర్థం వెతకనక్కర్లేదనీ ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఆ వారం నాకు తప్పేది. ఏ సందేహం ఉన్నా డాక్టరుతో నోరు తెరిచి మాట్లాడండి. అర్ధరాత్రి ఫోనుతో మాత్రం వద్దు.

ఇక బంధువుల సంగతి. పిల్లలందరూ ఒకచోట చేరిన సెలవుల్లో మా ఆడపడుచు, పాప వింటుండగానే, "వదినా, తప్పుగా అనుకోకు, మీ అమ్మాయిని మా వాళ్ళ పక్కన పడుకోబెట్టకు, అది అంటుకుంటుంది" అంది. ఆమె భయం అబద్ధం కాదు, అంటుకునే మాట నిజమే. కానీ పొడుగు చేతుల చొక్కా తొడిగితే తీరిపోయే దానికి పిల్లను వేరే గదికి పంపారు. ఆ రాత్రి నా పక్కన పడుకుని పాప, "అమ్మా, నేను అంటుకుంటానా?" అని అడిగింది. పొక్కులు అంటుకుంటాయా అని కాదు, నేను అంటుకుంటానా అని. జవాబుగా ఏం చెప్పానో గుర్తులేదు. మా ఆడపడుచుతో మళ్ళీ మాటలు కలిశాయి గానీ, ఆ వాక్యాన్ని నేను ఇంకా క్షమించలేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

పాఠశాల వారు కూడా పూర్తిగా తగ్గేవరకు పంపవద్దన్నారు. పూర్తిగా తగ్గడానికి సంవత్సరం పట్టవచ్చని వాళ్ళకూ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. ఈలోగా పాపతో కలిసి ఒకే తొట్టిలో స్నానం చేసే రెండేళ్ళ తమ్ముడి పొట్ట మీద మూడు లేచాయి.

రెండో డాక్టరు వద్దకు వెళ్ళింది వాడి కోసమే. ఆవిడ వయసులో పెద్దవారు. పాప తెల్లకోటును చూడగానే నా వెనక దాక్కుంటే, ఆవిడ కోటు విప్పి కుర్చీకి తగిలించి, తన రెండు చేతులూ చాపి, "చూడు, నా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. తరువాత భూతద్దం పాప చేతికే ఇచ్చి, ఒక పొక్కు నడుమ ఉన్న గుంటను చూపించారు. పాప చాలాసేపు చూసి "ముత్యంలా ఉంది" అంది. పుస్తకాల్లో కూడా అలాగే రాస్తారని ఆవిడ నవ్వారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు ముత్యాలు.

ఆవిడ నాతో మాట్లాడింది అరగంటసేపు. ఇది మశూచి వైరస్ కుటుంబానికి చెందినదే అనగానే నా గుండె జారిపోయింది. అది గమనించి, మశూచి 1980 నాటికే భూమి మీద లేకుండా పోయింది, ఇది దాని దూరపు చుట్టం మాత్రమే, చర్మం పైపొర దాటి లోపలికి పోదు, రక్తంలో కలవదు, ఆటలమ్మ వైరస్‌లాగా నరాల్లో దాక్కుని పెద్దయ్యాక తిరగబెట్టదు అన్నారు. చాలామంది పిల్లల్లో ఆరు నుంచి 12 నెలల్లో తనంతట తానే పోతుంది, కొందరికి ఏడాదిన్నర, అరుదుగా అంతకంటే ఎక్కువ పడుతుంది. ఇంతకాలం ఎందుకంటే, ఈ వైరస్ శరీరం కళ్ళు కప్పి పైపైనే బతుకుతుంది, రక్షణ వ్యవస్థ దాన్ని చాలాకాలం శత్రువుగా గుర్తించదు. ఏదో ఒకనాడు గుర్తిస్తుంది. అప్పుడు పొక్కులు ఎర్రబడి, వాచి, చూడటానికి భయంకరంగా తయారవుతాయి, అది ముగింపుకు మొదలు అని ఆవిడ ముందే హెచ్చరించారు. ముందుగా ఎగ్జిమా సంగతి చూడమన్నారు, దురద తగ్గితే గోకడం తగ్గుతుంది, గోకడం తగ్గితే పాకడం తగ్గుతుంది. ఇన్ని నెలల్లో పాప చర్మం పొడిబారిన సంగతి ఎవరూ ఎత్తనే లేదు. బడికి ఒక ఉత్తరం రాసిచ్చారు, దుస్తులతో గానీ పట్టీతో గానీ కప్పి ఉంచితే ఈ పిల్లను బడి మాన్పించనక్కర్లేదని. ఇంట్లో కూర్చున్న తొమ్మిది రోజుల తరువాత పాప బడికి వెళ్ళింది.

ముందే హెచ్చరించినా, భయం వచ్చినప్పుడు విన్నది గుర్తుకు రాదు. తొమ్మిదో నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు పాప నిద్రలో మూలుగుతుంటే దీపం వేసి చూశాను. చంక కింద ఉన్న ముత్యాలు నాలుగూ ఎర్రగా కందిపోయి, ఒకటి శనగగింజంత ఉబ్బి, కొసన పసుపుపచ్చగా చీము పట్టినట్టుంది. చుట్టూ అరచేయంత మేర చర్మం ఎర్రబడి తాకితే వెచ్చగా తగిలింది. విషం ఒళ్ళంతా పాకిందని నాకు నేనే తీర్మానించుకుని, మా ఆయనను లేపి, ఇప్పుడే ఆసుపత్రికి పదమని ఏడుపు మొదలుపెట్టాను. ఆయన వెళ్దామనీ అనలేదు, వద్దనీ అనలేదు. ముందు థర్మామీటరు పెట్టారు, జ్వరం లేదు. పాపను లేపి చెయ్యి పైకెత్తమన్నారు, ఎత్తింది. నీళ్ళిస్తే తాగి, లేపినందుకు విసుక్కుంది. అప్పుడు ఆయన బల్ల మీది బాల్‌పెన్ను తెచ్చి, ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో దాని అంచు వెంబడి నెమ్మదిగా ఒక గీత గీశారు. "ఈ ఎరుపు గీత దాటినా, జ్వరం వచ్చినా, చారలుగా పాకినా, నొప్పి పెరిగినా ఆ క్షణమే బయలుదేరదాం. అందాకా చూద్దాం" అన్నారు.

ఇద్దరం వంతులు వేసుకున్నామన్న మాటే గానీ నేను పడుకోలేదు. అరగంటకోసారి చొక్కా పైకి తీసి, ఆ నీలి గీత పక్కన నా వేలు పెట్టి చూసేదాన్ని. ఒంటిగంటకు ఎరుపు గీతను తాకినట్టే అనిపించింది, దీపం దగ్గరగా తెస్తే తాకలేదు. మూడు గంటలకు నాకు గుర్తున్న దేవుళ్ళందరికీ మొక్కేశాను. పిల్లకు పొక్కులు పోవాలని అడిగే దాన్నల్లా, ఆ రాత్రి మాత్రం ఆ గీత దాటకుండా ఉంటే చాలు, పొక్కులు ఎన్నేళ్ళయినా ఉండనీ అని అడిగాను. తెల్లవారాక ఎరుపు గీతకు లోపలే, గోరంత వెనక్కి తగ్గి ఉంది. రెండో డాక్టరుకు ఫొటో పంపితే, వెంటనే తీసుకురమ్మని, చూసి, చేత్తో నొక్కి, "ఇది నేను చెప్పిన ఎరుపే. మందు అక్కర్లేదు. పిండకండి" అన్నారు. గీత గీసినాయన ఎవరని అడిగి, మా ఆయన్ను చూసి తలాడించారు. పట్టింపు లేని మనిషని నేను తిట్టింది ఆయననే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది.

ఆ తరువాత అంతా చకచకా జరిగింది. ఎర్రబడినవి పక్కు కట్టి రాలాయి, ఒకదాన్ని చూసి ఒకటి అన్నట్టు మిగతావీ అదే దారి పట్టాయి. ఒక దశలో 27 ఉన్నవి 13వ నెల నిండేసరికి ఒక్కటీ లేవు. బాబుకున్న మూడూ అంతకు ముందే పోయాయి, వాడు వాటిని అసలు పట్టించుకోలేదు కూడా.

ఈ పరిస్థితిలో ఉన్న తల్లిదండ్రులు నన్ను అడిగితే మేము చేసింది చెబుతాను. పిల్లలిద్దరికీ స్నానాలు వేరు చేశాము, తువ్వాళ్ళు వేరు చేసి పాపది ఎర్రదీ బాబుది ఆకుపచ్చదీ పెట్టాము, గోళ్ళు పొట్టిగా కత్తిరించాము, స్నానం కాగానే తడి పూర్తిగా ఆరకముందే ఒళ్ళంతా తేమనిచ్చే క్రీము రాశాము. ఈతకు వెళ్ళేటప్పుడు నీళ్ళు దూరని పట్టీ వేశాము. పిండడం, గిల్లడం, ఆమ్లాలూ ఆకుల రసాలూ పూయడం చేయవద్దు. లోపలి తెల్లని ముద్దలోనే వైరస్ ఉంటుంది, అది చుట్టూ అంటితే అక్కడా లేస్తాయి. కనురెప్ప మీద లేచినా, కన్ను ఎర్రబడినా, పిల్లకు రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నా ఆగకుండా డాక్టరుకు చూపించండి. పిల్ల ముందు ఆ పొక్కులను లెక్కపెట్టకండి. నేను రోజూ పైకి లెక్కపెట్టేదాన్ని, కొన్నాళ్ళకు నేను చొక్కా విప్పకముందే పాప "ఇవాళ ఎన్ని?" అని భయంగా అడగడం మొదలుపెట్టింది.

తమంతట తాము పోయిన ముత్యాలు పాప ఒంటి మీద ఏ గుర్తూ మిగల్చలేదు. గీకించిన 11లో రెండు మాత్రం మోచేతి మడతలో చిన్న గుంటల్లా నిలిచిపోయాయి. మొన్న తలదువ్వుతుంటే పాప వాటి మీద వేలు పెట్టి, "ఇవి ముత్యాలు చేసినవి కావు కదమ్మా?" అని అడిగింది. కావని చెప్పాను.