కోయి చేపలు మట్టి చెరువులో వేశాను, తొమ్మిది నెలలు వెతుక్కున్నాను – నా అనుభవం

నిన్న మా చెరువు వల లాగించేశాం. 400 కోయి (జపాన్ రంగు చేపలు) వేస్తే 171 దొరికాయి, వాటితో పాటు నేను వెయ్యని కొర్రమేనులు 14 వచ్చాయి. ఒళ్ళంతా బురద వాసన ఇంకా పోలేదు, ఆ కోపం మీదే రాసేస్తున్నా.

మాది కైకలూరు దగ్గర పల్లెటూరు, నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా నాన్న టైంలో చేపపిల్లల్ని పెంచిన పాతిక సెంట్ల చెరువొకటి ఖాళీగా పడుంది. చుట్టూ అందరూ బొచ్చె, శీలావతి, రొయ్య వేస్తుంటే నాకు రంగు చేపల పిచ్చి పట్టింది. ఎందుకు పట్టిందంటే చెప్పలేను, ఒక పెళ్ళిలో రిసార్టు తొట్టిలో చూశా అంతే.

చెరువు ఎండగట్టాం, బస్తా సున్నం చల్లాం, తూముకి సన్న వల కట్టి నాలుగున్నర అడుగులు నీళ్ళు పెట్టాం. ఇందులో చెప్పుకోడానికేం లేదు. ఒక మూల జానెడు బురద ఆరలేదు, అందులో దాక్కున్న చేపలు చావడానికి ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) వెయ్యమని పక్క చెరువు బాబాయి చెప్పాడు, ఎండగట్టాం కదా అని నేను డబ్బులు మిగుల్చుకున్నా. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి.

చేపపిల్ల చెన్నై నుంచి తెప్పించా. మూడంగుళాలది 60 రూపాయలు, 400 కి 24,000, ఆక్సిజన్ ప్యాకెట్లలో రాత్రి బస్సుకొచ్చాయి. ప్యాకెట్లు అరగంట నీళ్ళలో తేలేసి తర్వాత వదిలాం, ఒక్కటీ చావలేదు. అమ్మినాయన ప్యూర్ జపాన్ లైన్ అన్నాడు, తెల్లదాని మీద ఎర్ర మచ్చలుండే కోహాకు ఎక్కువ వేశానన్నాడు. మట్టి చెరువులో వేస్తున్నానని నేను మూడుసార్లు చెప్పా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "సార్ మట్టి చెరువులో అవి మీకు కనపడవు" అనలేదు. అది చెప్పుంటే నాకీ రాత ఉండేది కాదు.

మేత దగ్గర తప్పు నాదే. మా వైపు చేపకి మేత అంటే బస్తాకి చిల్లులు పెట్టి తవుడు, నూనె తీసిన చెక్క నింపి వెదురు గెడకి కట్టి నీళ్ళలో దించడమే. నేనూ అదే చేశా. చేప కిందే ఉండి బస్తా పీక్కుని తింటుంది, పైకి రావాల్సిన పనేముంది? దానికి తోడు పేడ, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేశా. నీళ్ళు పచ్చగా ఉంటే బలం అని అందరూ అంటారుగా. మూడు నెలలు గట్టు మీద కూర్చుని బుడగలు చూశాను. ఎప్పుడైనా ఒక ఎర్ర వీపు మెరిసి మాయమయ్యేది, ఆ రోజు నాకు పండగ.

డిసెంబర్లో రెండ్రోజులు ముసురు పట్టింది. మూడో రోజు తెల్లారుజామున ఐదింటికి వెళ్తే, అబ్బ, చెరువు మొత్తం పూలు పూసినట్టుంది! ఎరుపు, తెలుపు, నారింజ, రెండు మూడు బంగారం రంగువి, వందలకి వందలు నీటి మీదకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. టార్చి వేసి వీడియో తీశా, రెండు నిమిషాలు. స్టేటస్ పెట్టా. మా ఆవిడని లేపుకొచ్చి చూపించా. అది కళ్ళు నులుముకుని "ఇవి మనల్ని చూడ్డానికొచ్చాయా, చావడానికొచ్చాయా?" అంది. ఇంతలో ఫోన్, పక్క చెరువు బాబాయి. స్టేటస్ చూసి, "ఒరే, వీడియో ఆపి ఏరేటర్ వెయ్యరా" అని బండబూతులు. ఏరేటరంటే నీళ్ళు చిలికి గాలి కలిపే మోటారు యంత్రం. పచ్చనీళ్ళు, మబ్బు పట్టిన రోజులు, తెల్లారేసరికి ఆక్సిజన్ అయిపోతుంది, చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఈ జిల్లాలో చంటిపిల్లాడికి తెలిసిన సంగతి. పదిహేనేళ్ళుగా ఏరేటర్ మోటార్లు చుట్టి తింటున్నవాణ్ణి, నా చెరువులో ఏరేటర్ లేదు. షాపులో కస్టమర్ వదిలేసిన ఒక హెచ్‌పీ మోటారుకి అప్పటికప్పుడు బేరింగులు మార్చి నలభై నిమిషాల్లో చెరువులో తిప్పా (ఆ పని మా మండలంలో ఇంకెవడూ చెయ్యలేడు, అది వేరే సంగతి). ఆ పూట పదో పన్నెండో పోయాయి. మిగతావి కిందికెళ్ళిపోయాయి, మళ్ళీ బురద నీళ్ళే.

కానీ వీడియో మాత్రం చుట్టాలందరికీ చేరిపోయింది.

కనుమ రోజు పద్నాలుగు మంది వచ్చారు, విజయవాడ నుంచి ఒక కారు, హైదరాబాద్ నుంచి రెండు. భోజనాలయ్యాక పట్టుచీరలతో, పిల్లలతో గట్టు మీదకి తీసుకెళ్ళా. నీళ్ళు అచ్చం పాలు ఎక్కువ పోసిన టీ. ముందు ఎవరూ ఏమీ అనలేదు. మేనకోడలు వంగి చూసి "ఎక్కడ మామయ్యా?" అంది. అదిగో అన్నా. "అది ఆకు మామయ్యా" అంది. మేత చల్లా, ఒక్కటి కూడా పైకి రాలేదు. వాటికి బస్తా తెలుసు గానీ చల్లిన మేత ఏం తెలుసు? పావుగంట నిలబడ్డారు. ఒక నీటికాకి మాత్రం మునిగి ఏదో పట్టుకుని లేచింది, నోట్లో ఎర్రగా కనపడింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు మా పెద్ద బావ మెల్లిగా నా భుజం మీద చెయ్యేసి, "ఏం బామ్మర్దీ, ఆ వీడియో యూట్యూబ్‌లో దింపావా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది, దానికి నిజం తెలిసి కూడా. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ చెరువు పేరు టీ చెరువు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో చదివితే తేలిందేంటంటే, జపాన్‌లో నీగాటా వైపు యమకోషి కొండ ఊళ్ళలో ఈ చేపల్ని 1800ల నుంచీ పెంచుతున్నారు, వాళ్ళూ ఎండాకాలమంతా మట్టి చెరువుల్లోనే వేస్తారు, వాళ్ళకీ కనపడవు! అక్టోబర్ ప్రాంతంలో నీళ్ళు దించి పట్టినప్పుడే చూసుకుంటారు, ఆ తర్వాత శుభ్రమైన నీళ్ళ తొట్లలో పెడతారు. మట్టి చెరువు చేపని పెంచుకోడానికట, చూసుకోడానికి కాదట. నేను రెండూ ఒకదాన్లోనే అనుకున్నా.

అయినా బావ మాట లోపల గుచ్చుతూనే ఉంది, నీళ్ళు తేట చెయ్యాల్సిందే అనిపించింది. మందుల షాపుకెళ్తే వాటర్ క్లియర్ అని ఒక డబ్బా, ప్రోబయోటిక్ అని ఒక డబ్బా, పటిక ఒక బస్తా అంటగట్టాడు. నీళ్ళు చూడకుండా, చెరువు చూడకుండా. చేపల ఆఫీసుకెళ్తే "ఎన్నెకరాలు?" అన్నారు. పాతిక సెంట్లు అనగానే పక్కాయన వైపు చూసి నవ్వి, రంగు చేపలైతే అక్వేరియం షాపులో అడగమన్నారు. అక్వేరియం షాపాయన చెరువైతే ఆఫీసులో అడగమన్నాడు. మనకి పన్ను కట్టేటప్పుడు మాత్రం అందరూ కరెక్టుగా దొరుకుతారు.

డబ్బాలు, పటిక అన్నీ పోశా. రెండ్రోజులు కాస్త తేటపడి మూడో రోజుకి మళ్ళీ టీ. చివరికి బాబాయే అడిగాడు, "సీసాలో పట్టి చూశావా?" అని. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా చెరువు నీళ్ళు పట్టి రాత్రంతా కదపకుండా అరుగు మీద పెట్టా. తెల్లారేసరికి పైన నీళ్ళు తేటగా, అడుగున వేలు మందాన ఒండ్రు పేరుకుంది. అంటే మట్టి దానంతటదే దిగుతుంది, చేపే రోజంతా అడుగు పెళ్ళగించి లేపుతోంది. సీసాలో తెల్లారినా తేరకపోతే అప్పుడు పటికో జిప్సమో ఆలోచించాలి, అదీ నీళ్ళ పీహెచ్ చూసుకుని, పటిక పీహెచ్ దించేస్తుంది. నాది మందు పోసి తీరే జబ్బే కాదు. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, షాపువాడు ఎందుకు చెప్తాడు?

ఇంక మొత్తం చెరువు తేట చేసే ఆశ వదిలేసి, గట్టు వారన లోతు తక్కువున్న చోట ఇరవై అడుగుల టార్పాలిన్ పరిచి దాని మీద కంకర పోయించా. అక్కడ పెళ్ళగించడానికి మట్టే లేదు. బస్తాలు పీకేసి తేలే మేతకి మార్చా, సాయంత్రం ఐదున్నరకి, అక్కడే, ముందు ఇనప గొట్టం మీద పానాతో నాలుగు దెబ్బలు. వారం దాకా ఏమీ లేదు. పదకొండో రోజు ఒకటొచ్చింది, తెల్లది, నెత్తి మీద మాత్రం ఎర్ర మచ్చ. తర్వాత నాలుగు. ఫిబ్రవరి నెలాఖరుకి నేను బండి స్టాండ్ వేసిన చప్పుడుకే వచ్చేసేవి, పానా కూడా అక్కర్లేదు. పక్షులకి అడ్డంగా తీగలు కట్టా, అవి ముందే కట్టాల్సింది.

నిన్న వల వాళ్ళు మొదటి లాగుడులోనే ఒకదాన్ని ఎత్తి చూసి, "ఇది బంగారుతీగే కదండీ, రంగేశారంతే" అన్నాడు ఒకాయన. నాకు ఒళ్ళు మండింది గానీ తప్పేం లేదు, కోయి అంటే బంగారుతీగ జాతే, రంగులు ఏరి ఏరి పెంచారు. కానీ ఆ రంగు చూడాలి, అరవై రూపాయల పిల్ల అడుగు దాటింది, ఎరుపు అచ్చం కుంకుమ. ఏ సిమెంటు తొట్టిలో వస్తుందండీ అది.

కొర్రమేనులు అదిగో ఆ జానెడు బురదలోవే, నాకింక అనుమానం లేదు. 229 చేపలు పోయాయంటే 13,740 రూపాయలు. నీటికాకుల వాటా, డిసెంబర్లో పోయినవి పక్కన పెట్టినా ఒక్కో కొర్రమేను వందల రూపాయల కోయి పిల్లల్ని తినే పెరిగింది. ఆరు వల వాళ్ళకిచ్చేశా, రెండు బాబాయింటికి, మిగతావి రాత్రి పులుసు. మా ఆవిడ ముక్క వడ్డించినప్పుడల్లా రేటు చెప్పింది.

171 కోయి ఇప్పుడు బాబాయి చెరువులో హాపా (నీళ్ళలో కట్టే వల తొట్టి) కట్టి పెట్టాం. మా చెరువులో నీళ్ళు మోకాల్లోతుకి దించాను, 130 కిలోలు ఇప్ప చెక్క చెప్పాను, ఎల్లుండి వస్తుందంట. అది వేశాక చేపల్ని మళ్ళీ వదలడానికి మూడు వారాలు ఆగాలి. బావకి ఫోన్ చేసి హాపాలో చేపలు వీడియో కాల్‌లో చూపిద్దామనుకున్నా. సిగ్నల్ లేదు.