గెలవకూడని చోట గెలవాలని మూడు రాత్రులు

నిన్న రాత్రి రెండున్నరకు ‘హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్’ అనే వీడియో గేమ్ ఆట పూర్తి చేశాను. కళ్లు ఇంకా మండుతున్నాయి. ఇది నా ఆట కాదు, మా తమ్ముడిది. వాడు డెంగీతో పోయి ఏడాదిన్నర అయింది. హనుమకొండలోని మా ఇంట్లో వాడి కంప్యూటర్ మీద దుప్పటి కప్పి, ఆ గది తలుపు దగ్గరకు వేసి ఉంచాము.

దుప్పటి తీశాను. పాస్‌వర్డ్ అమ్మ పేరే. ఆటలోని అగ్ని రాక్షసుడు సుర్త్‌నూ, మాయల దేవుడు వల్రావ్న్‌నూ వాడే ఓడించి ఉంచాడు. మొదటి నుంచి మొదలుపెడితే వాడు ఆడినది చెరిగిపోతుందేమోనని భయపడి, వాడు ఆపిన చోటి నుంచే అందుకున్నాను.

తెలియనివారి కోసం కథ చెబుతాను. సెనువా ప్రాచీన స్కాట్లాండ్‌లోని పిక్ట్ తెగ యువతి. సముద్రం దాటి వచ్చిన నార్స్ యోధులు (వైకింగులు) ఆమె ప్రియుడు డిలియన్‌ను చంపారు. అతని తలను నడుముకు కట్టుకుని, అతని ఆత్మను తిరిగి తెచ్చుకోవడానికి ఆమె మృతలోకానికి నడుస్తుంది. దారి పొడవునా ఆమె చెవుల్లో గొంతులు. 2017లో వచ్చిన ఈ ఆటను కేంబ్రిడ్జ్‌లోని నింజా థియరీ సంస్థ తయారు చేసింది. అక్కడి విశ్వవిద్యాలయంలోని మానసిక వైద్య నిపుణుడు పాల్ ఫ్లెచర్‌నూ, స్వయంగా గొంతులు వినేవారినీ సంప్రదించి తయారు చేశారు.

హెడ్‌ఫోన్లు లేకుండా దీన్ని ముట్టుకోకండి. తల ఆకారానికి రెండు చెవుల చోట మైకులు అమర్చి ఆ గొంతులను రికార్డు చేశారు. ఒకటి ఎడమ చెవిలో భయపెడుతుంది, ఒకటి మెడ వెనుక నుంచి ఎగతాళి చేస్తుంది, ఇంకొకటి జాలిపడుతుంది. పది నిమిషాలకే హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను. తమ్ముడికి ఇంటర్ రెండో ఏడాదిలో ఇలాగే మొదలైంది. “ఎవరో మాట్లాడుతున్నారక్కా” అంటే “ఎవరూ లేరు, పడుకో” అన్నాను. వాడు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టలేడు కదా!

ఆ తర్వాత రెండేళ్లు తాయెత్తులు, నిమ్మకాయలు, అమావాస్య పూజలు. మా అమ్మ గాజులు అమ్మించిన ఆ మంత్రగాడిని ఈ జన్మలో క్షమించను. చివరికి డాక్టరు మందులు మొదలుపెట్టాక వాడు డిగ్రీ పరీక్షలు రాశాడు, మొదటి శ్రేణిలో ప్యాసయ్యాడు. మీ ఇంట్లో ఎవరికైనా గొంతులు వినిపిస్తుంటే సైకియాట్రిస్టు దగ్గరకే తీసుకెళ్లండి. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చీకట్లో శబ్దాన్ని బట్టి నడవాల్సిన భాగం కష్టమంటారు. నేను ఒక్క రాత్రిలో దాటాను. నన్ను నిలబెట్టేసింది చివరి యుద్ధం. దూరంగా మృతలోకపు దేవత హెలా. మధ్యలో శత్రువులు. నలుగురిని నరికితే ఆరుగురు వస్తారు. రెండు రాత్రులు నరికాను. వేళ్లు వాచాయి. ఎంతకూ తరగరు. కంప్యూటర్‌లోనే ఏదో లోపం ఉందనుకుని, ఆటోలో పెట్టుకుని చౌరస్తా దగ్గర ఒక దుకాణానికి తీసుకెళ్లాను.

దుకాణదారు ఆట పేరు చూశాడు, నన్ను చూశాడు. “మేడమ్, మీ బాబును పంపండి, వాడు ఆడి పెడతాడు” అన్నాడు. నేను ముప్పై ఎనిమిదేళ్ల లెక్కల టీచర్‌ను, నాకు పిల్లలు లేరు. పక్కన ఉన్న కుర్రాళ్లు నవ్వారు. వారిలో ఒకడు “అది పిచ్చిదాని ఆట కదా” అన్నాడు. తరగతిలో అరవై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టే నాకు అక్కడ మాట పెగల్లేదు. వాడు మా తమ్ముడి గురించి అన్నట్టే అనిపించింది. లోపం ఏమీ లేదని చెప్పడానికి మూడు వందలు తీసుకున్నారు. నోట్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇక ఆ దుకాణం మెట్లెక్కను.

మూడో రాత్రి మళ్లీ అదే యుద్ధం. ఒంటిగంట దాటింది, పక్క గదిలో నాన్న దగ్గు వినిపిస్తోంది. చేయి తిమ్మిరెక్కి కీబోర్డు మీద నుంచి తీసేశాను. శత్రువులు సెనువాను పడగొట్టారు. మళ్లీ మొదటికి వచ్చిందనుకున్నాను. కానీ రాలేదు. కథ ముందుకు కదిలింది! అక్కడ ఓడిపోవాలట. ఎంత బాగా పోరాడితే అంతసేపు అక్కడే ఉండిపోతాం. హెలా డిలియన్ తలను అందుకుని అగాధంలోకి వదిలేసింది. మళ్లీ చూస్తే అక్కడ నిలబడింది హెలా కాదు, సెనువాయే.

తమ్ముడి అస్థికలు కాళేశ్వరంలో కలిపిన రోజు నేను వెళ్లలేదు. “ఆడపిల్లవు, నువ్వెందుకు” అని పెద్దమ్మ గుమ్మం దగ్గరే ఆపేసింది. నాన్న, బాబాయి వెళ్లి వచ్చారు. ఆ కుండ ఎంత బరువు ఉందో కూడా నాకు తెలియదు.

పొద్దున నాన్నకు చాయ్ ఇస్తూ, ఆదివారం కాళేశ్వరం వెళ్దాం, ఎక్కడ కలిపారో చూపించు అన్నాను. ఆయన చాలాసేపు గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. పరకాల మీదుగా వెళ్లే మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నారు.