మేఘమథనానికి లెక్కచెప్పేదెవరు?

మేఘాల్లో రసాయనం చల్లి వాన కురిపించాలని చూసే మేఘమథనం మాట వచ్చినప్పుడల్లా వాన పడుతుందా పడదా అన్న దగ్గరే వాదన ఆగిపోతుంది. నాకు మాత్రం, ఆకాశంలో ఏం చల్లారో, ఎవరికి చెప్పి చల్లారో తెలియడం అంతకంటే ముఖ్యం.

పద్ధతి పాతదే. గడ్డకట్టే చలిలోనూ నీళ్లుగానే ఉండిపోయిన బిందువులున్న మేఘంలోకి సిల్వర్ అయొడైడ్ అనే రసాయనాన్ని వదిలితే, ఆ రేణువుల చుట్టూ మంచు స్ఫటికాలు పెరిగి బరువెక్కి కిందికి రాలతాయి. మేఘం లేనిచోట మేఘాన్ని పుట్టించడం కుదరదు.

అయినా దీన్ని ఆయుధంగా వాడారు. వియత్నాం యుద్ధంలో శత్రువుల సరఫరా దారుల్ని బురదమయం చేయాలని అమెరికా 1967 నుంచి 1972 దాకా రహస్యంగా మేఘమథనం చేసింది, అది బయటపడి గొడవయ్యాకే పర్యావరణాన్ని మార్చి ఆయుధంగా వాడకూడదనే ఎన్‌మాడ్ అంతర్జాతీయ ఒప్పందం 1978లో అమల్లోకి వచ్చింది. కానీ అది ఆపేది శత్రుత్వంతో చేసే పెద్ద ఎత్తు ప్రయోగాల్నే. మామూలు ప్రాజెక్టుల సంగతి ఏ దేశానికి ఆ దేశమే చూసుకోవాలి.

అమెరికాలో 1971 చట్టం ప్రకారం, చేసేవాళ్లు ప్రభుత్వానికి రిపోర్టు ఇవ్వాలి. అంతే, అది అనుమతి కాదు. అనుమతులు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి: యూటా డబ్బు పెట్టి మరీ చేయిస్తోంది, టెన్నెసీ 2024లో, ఫ్లోరిడా 2025లో పూర్తిగా నిషేధించాయి.

నిషేధం నాకు నచ్చలేదు, ఎందుకంటే భయంతో మూసేస్తే పరిశోధన కూడా ఆగిపోతుంది. చల్లిన రోజు, చోటు, మోతాదు అందరికీ కనిపించాలి, ఫలితాన్ని కాంట్రాక్టరు కాకుండా బయటివాళ్లు కొలవాలి, వరద హెచ్చరిక ఉన్నప్పుడు విమానం ఎగరకూడదు. ఈ మూడూ చట్టంలో ఉండాలి. సరిహద్దు అవతల ఉన్నవాళ్లకు ముందే చెప్పాలన్నది కూడా.