వాళ్లు చెప్పిన తరువాతి క్షణం

కౌమారంలో ఉన్న పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసిన దానిలో ఎక్కువ భాగం ప్రశ్నలతో రాబట్టుకున్నదీ కాదు, నిఘాతో కనిపెట్టినదీ కాదు. పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పినదే. స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లలనూ వారి తల్లిదండ్రులనూ అధ్యయనం చేసిన హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2000లో ఈ విషయాన్ని ప్రచురించారు. యుక్తవయసు కూతురికి తల్లినైన నాకు అది చదివినప్పటి నుంచి, పిల్లల చేత ఎలా మాట్లాడించాలన్న దానికన్నా, వాళ్లు ఒక మాట చెప్పిన మరుక్షణం మనం ఏం చేస్తున్నామన్నదే ముఖ్యంగా కనిపిస్తోంది.

"మా క్లాసులో ఒకడు సిగరెట్లు కాలుస్తున్నాడమ్మా" అని పిల్లవాడు అన్నాడనుకుందాం. "ఇంకోసారి వాడితో తిరిగావంటే ఊరుకోను" అని మనం వెంటనే అంటే, అందులో తప్పు లేకపోవచ్చు గానీ మాట అక్కడితో ఆగిపోతుంది. వీడికి కూడా ఎవరైనా ఇచ్చారా, వద్దనడానికి ఇబ్బంది పడ్డాడా, భయపడ్డాడా అన్నవి మనకు ఇక తెలియవు. ఇలాంటివి ఇంట్లో చెప్పకూడదని వాడికి అర్థం కావడం అంతకన్నా పెద్ద నష్టం. "అలాగా, అప్పుడు నువ్వేం చేశావు?" అని మాత్రం అడిగి ఊరుకుంటే, మిగతాది చాలావరకు వాడే చెబుతాడు. అడ్డు తగలకుండా విన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. మన అభిప్రాయం మరునాడు చెప్పినా దాని విలువ తగ్గదు. తన మాట పూర్తిగా విన్నవాళ్లు చెబుతున్నారు కనుక వాడు చెవిన పెట్టే అవకాశమే ఎక్కువ. "సలహా కావాలా, ఊరికే వినమంటావా?" అని ముందుగా అడగడం మా ఇంట్లో బాగా పనికొచ్చింది.

విన్న మాటను ఆ తరువాత ఎలా వాడుతున్నామో కూడా పిల్లలు గమనిస్తూనే ఉంటారు. నమ్మి చెప్పుకున్న సంగతిని నెల తరువాత మరో గొడవలో "ఆ రోజు నువ్వే ఒప్పుకున్నావుగా" అంటూ బయటికి తీయడం, వాళ్లు వింటుండగానే బంధువుల దగ్గర నవ్వుతూ చెప్పడం, ఈ రెండింటినీ నేను చాలా తీవ్రమైన విషయాలుగా భావిస్తాను. అయితే ప్రాణానికో శరీరానికో ముప్పు ఉన్న విషయమైతే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు; ఎవరికి చెప్పబోతున్నామో, ఎందుకు చెప్పక తప్పదో ముందుగా వాళ్లకే చెప్పాలి.

వేళ విషయం కూడా ఉంది. యుక్తవయసులో నిద్రను రప్పించే మెలటోనిన్ హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది కనుక, 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమైన ఆ పిల్లలు ఉదయం ముభావంగా ఉండడం మొండితనం కాదు. బడి నుంచి రాగానే ప్రశ్నలు గుప్పించడం కన్నా, రాత్రి ఏదో పని చేసుకుంటూ పక్కన ఉన్నప్పుడు, ఎదురెదురుగా కళ్లలోకి చూడాల్సిన అవసరం లేనప్పుడు, మాటలు సులువుగా వస్తాయి.

అన్ని విషయాల్లోనూ పిల్లలు మనల్ని ఎదిరించరు. భద్రతకూ, ఇతరులకు హాని చేయకపోవడానికీ సంబంధించిన నియమాలు పెట్టే అధికారం తల్లిదండ్రులకు ఉందని వాళ్లు చాలావరకు ఒప్పుకుంటారనీ, జుట్టు, దుస్తులు, గది, ఇష్టాయిష్టాల వంటివి మాత్రం తమ సొంతమని భావిస్తారనీ మనస్తత్వ శాస్త్రవేత్త జుడిత్ స్మెటానా పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి జుట్టు గురించి రోజూ వాదించి అలసిపోయే బదులు, తాగి బండి నడిపేవారితో ఎక్కకూడదన్న నియమం దగ్గర గట్టిగా నిలబడి, "ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను, అప్పుడే ఏమీ అడగను" అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవడం మేలు.

కొన్నాళ్లు ఏమీ చెప్పకపోయినా కంగారుపడనక్కరలేదు. తమకంటూ కొంత దాచుకోవడం ఎదుగుదలలో భాగమే. కానీ నిద్ర, తిండి, చదువు, స్నేహితులు అన్నింటిలోనూ మార్పు వచ్చి, ఆ ముభావం రెండు వారాలకు పైగా కొనసాగితే వైద్యుడినో మానసిక నిపుణుడినో కలవాలి. చనిపోవాలన్న మాట ఏ రూపంలో వినిపించినా అసలు ఆగకూడదు, "నీకు చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి, అలా అడిగితే లేని ఆలోచన కలుగుతుందన్న భయం నిజం కాదు.