ఆకులు ఊదే పని

బెంగళూరు వచ్చిన మొదటి వారం అమ్మ ఫోన్లో అడిగింది, "ఏం పని నాయనా?" అని. ఆకులు ఊదే మిషన్‌తో పని అన్నాను. కాసేపు పలకలేదు. "ఊదేదానికి జీతమిస్తారా? ఆ ఊర్లో చీపుర్లు దొరకవా?"

దొరుకుతాయి. కానీ మారతహళ్లిలో నేను పనిచేసే అపార్టుమెంట్ల చుట్టూ కానుగ చెట్లే. శివరాత్రి దాటాక రాత్రికి రాత్రి దారంతా ఆకులు. చీపురుతో మధ్యాహ్నమయ్యే పని బ్లోయర్‌తో గంటన్నరలో తేలుతుంది. ఎండ పడి ఆకు పొడిబారాలి, గాలి ఎటు వీస్తే మనమూ అటే తోయాలి. ఈ రెండూ ఒక్కరోజులో వచ్చేశాయి.

మిషన్ మాత్రం అంత సులువుగా లొంగలేదు. రెండో నెలలో ఒకరోజు పెట్రోలు అయిపోతే, స్టోర్‌లో కనిపించిన క్యాన్ తీసి పోసేశాను. పది నిమిషాలు బాగానే తిరిగింది. తర్వాత గొంతు మారి, కీచుమని ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. అది ఆయిల్ కలపని పెట్రోలు. ఇలాంటి చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిల్‌కు వేరే చోటు ఉండదు, పెట్రోలుతో పాటు వెళ్లేదే పిస్టన్‌ను తడపాలి. అది లేక పిస్టన్ గీరుకుపోయి సిలిండర్లో బిగుసుకుంది. కాంట్రాక్టరు మూడు నెలలు జీతంలో కోశాడు.

కోత సంగతి అటుంచండి. కదిరిలో నాన్నకు టీవీఎస్ ఫిఫ్టీ మోపెడ్ ఉండేది, అదీ టూ స్ట్రోకే. బంకుకు పోయినప్పుడల్లా "టూటీ ఆయిల్ వేసినావా?" అని అడగనిదే కదిలేవాడు కాదు. ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుని ఊరంతా తిరిగినవాణ్ణి నేను. ఆ వాసన ముక్కుకు తెలుసు, చేతికి గుర్తు రాలేదు.

ఇప్పుడు కలిపేది నేనే. ఆయిల్ కలిపిన క్యాన్‌కు పచ్చ టేపు, కలపనిదానికి ఎర్ర టేపు. మా మిషన్‌కు లీటరుకు 40 మిల్లీలీటర్లు, అంటే 25కి ఒకటి. కొన్ని మిషన్లకు 50కి ఒకటి చాలు, పుస్తకం చూడాల్సిందే. దగ్గు మందు మూతతో నాలుగుసార్లు కొలిచి, క్యాన్ బాగా ఊపుతాను. వారానికోసారి ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని సబ్బునీళ్లలో పిండి నీడన ఆరేస్తాను, ప్లగ్గు మసి బ్రష్‌తో గీకుతాను. వానాకాలం తడి ఆకు నేలకు అతుక్కుంటుంది, అప్పుడు చీపురే గతి. మిషన్ లోపల పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, దానంతటదే ఆగేదాకా తిప్పుతాను. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్, అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి వదిలేస్తే కార్బురేటర్లో జిగురు కడుతుంది.

సాయంత్రం అన్నం తినేటప్పుడు వేళ్లు ఇంకా జుమ్మంటూనే ఉంటాయి. చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి, మెకానిక్ తిట్టాక ఇయర్‌మఫ్ కొన్నాను.

ఫిబ్రవరిలో గేటు దగ్గర టబేబుయా చెట్టు గులాబీ పూలు రాలుస్తుంది. "అన్నా, ఐదు నిమిషాలాగు" అంటూ పిల్లలు ఫోటోలకు నిలబడతారు. ఇంజన్ ఆపి కూర్చుంటాను. ఆ ఐదు నిమిషాలు ఎప్పుడూ అరగంటే.

మొన్న రాయచూరు నుంచి కొత్త కుర్రాడొచ్చాడు. క్యాన్ ఎత్తగానే అరిచాను, "ఏయ్, ఎర్ర టేపుది కాదు, పచ్చది!"